ఒకటి, రెండు తరగతుల పిల్లల తెలుగు చదువును పరీక్షించడం ఎలా?

పాఠ్యపుస్తకం తెరిచి 'ఈ పేజీ చదువు' అంటే అది చదువు పరీక్ష కాదు, జ్ఞాపకశక్తి పరీక్ష. తరగతంతా గొంతెత్తి వల్లించిన పాఠాన్ని పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా అప్పజెప్పే పిల్లలున్నారు. పిల్లకు నిజంగా చదవడం వచ్చో లేదో తేలాలంటే ఎప్పుడూ చూడని పదాలు ఇవ్వాలి, పిల్లలను విడివిడిగా వినాలి.

కావలసినవి

నాలుగు కార్డులు, ఒక పెన్సిలు, పిల్లకొకటి చొప్పున మీరు గుర్తులు పెట్టుకునే కాగితం. అంతే. కార్డులు పెద్ద అక్షరాలతో అచ్చు వేసినవి కావాలి. చేతిరాత వద్దు, మీరు రాసే మ, య తేడా మీకే తెలుస్తుంది.

మొదటి కార్డులో 10 అక్షరాలు, వరుస తప్పించి. క, ఖ, గ, ఘ అని వరుసలో పెడితే పాట పాడేస్తారు. రెండో కార్డులో ఒత్తు లేని పదాలు 10: పలక, మేడ, కోడి, గూడు లాంటివి. మూడోదానిలో ఒత్తు పదాలు 10: గద్ద, ముక్కు వంటి ద్విత్వాలు ఆరు, పుస్తకం, స్నానం వంటి సంయుక్తాలు నాలుగు. నాలుగోదానిలో 25 పదాలు మించని చిన్న కథ.

బొమ్మ ఒక్కటి కూడా ఉండకూడదు. 'గేదె' పక్కన బొమ్మ పెడితే తెలంగాణ పిల్ల 'బర్రె' అంటుంది, రాయలసీమ పిల్ల 'ఎనుము' అంటుంది. ఇద్దరూ చదివింది బొమ్మనే.

కూర్చోబెట్టడం

వరండాలోనో గది మూలనో, మిగతావాళ్ళకు వినబడనంత దూరంలో కూర్చోండి. ఎదురుగా కాదు, పక్కన. రెండో కార్డుతో మొదలుపెట్టండి. పదికి ఎనిమిది చదివితే మూడోది ఇవ్వండి, లేకపోతే మొదటిదానికి దిగండి. పదం దగ్గర ఆగిపోతే మనసులో మూడు లెక్కపెట్టి 'తర్వాతది చదువు' అనండి. మొదటి అక్షరం అందించి ఆశగా చూడటం మానుకోవాలి, అలా వచ్చిన పదం మీ ఖాతాలోది. తప్పు చదివి తనే దిద్దుకుంటే మాత్రం ఒప్పే.

ఏది తప్పు, ఏది యాస

పరీక్ష పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పిల్ల 'చెట్టు' చూసి 'సెట్టు' అంటుంది. టీచరు ఇంటు పెడతారు. ఆ పిల్ల ఇంట్లో చెట్టును సెట్టనే అంటారు. అక్షరం సరిగ్గా పోల్చుకుని తన నోటితో పలికింది, తప్పెక్కడుంది?

అందుకే కార్డు ఇవ్వకముందే రెండు నిమిషాలు మాట్లాడించండి. 'కళ్ళతో ఏం చేస్తాం?' అని అడిగితే 'సూస్తం' అంటుందా, 'చూస్తాం' అంటుందా? శనివారాన్ని సనివారం అంటుందా? భూమిని బూమి అంటుందా? కాగితం పైభాగాన రాసుకోండి. మాటల్లో వినబడిన మార్పే చదువులోనూ వినబడితే అది యాస. 'వచ్చాడు' అని ఉన్నచోట 'వచ్చిండు' అనో 'వచ్చినాడు' అనో చదివినా అంతే. విడి పదంగా ఉన్న 'స్నానం' చూసి 'తానం' అందంటే నిక్షేపంగా చదివినట్టు, ఆ పదాన్ని పోల్చుకోకుండా తానం ఎక్కడినుంచి వస్తుంది?

మరోవైపు యాస పేరు చెప్పి అన్నీ వదిలేయడమూ తప్పే. హ్రస్వ దీర్ఘాల తేడా యాస కాదు, మెడ, మేడ ఒకటయ్యే ఊరు లేదు. గద్దను 'గద' అని చదివితే ఒత్తు చూడలేదన్నమాట. వీటికి మినహాయింపు ఇవ్వవద్దు.

మధ్యలో ఒక చిక్కు మిగులుతుంది. 'చ'ను 'స'గా పలికే పిల్లకు అసలు చ అక్షరం తెలుసా, తెలియదా? పలికించి లాభం లేదు, రెండూ ఒకేలా వినబడతాయి. చారు, సారు అని రెండు చీటీలు పెట్టి 'అన్నంలో పోసుకునేది ఏది? బడిలో పాఠం చెప్పేది ఏది?' అని అడగండి. సరైన చీటీ చూపితే అక్షరం వచ్చినట్టే. చీటీలు రెండే కాబట్టి గుడ్డిగా చూపినా సగంసార్లు సరిపోతుంది. తారుమారు చేసి నాలుగుసార్లు అడగండి, నాలుగూ సరిగ్గా ఉండాలి.

ఇంటు గుర్తు అసలు వాడకండి. ఒప్పుకు టిక్కు, యాసకు 'యా', తప్పుకు పిల్ల పలికింది పలికినట్టు. పదం కింద 'గద' అని ఉంటే రేపు ఏం నేర్పాలో తెలుస్తుంది, ఇంటు ఉంటే ఏమీ తెలియదు. 'సెట్టు కాదమ్మా, చెట్టు' అని మధ్యలో దిద్దవద్దు. తర్వాతి పదం నుంచి పిల్ల గొంతు సన్నగిల్లుతుంది, మీకిక వినబడదు.

కథ కార్డు

'రవి ఇంట్లో ఒక మేక ఉంది. అది రోజూ గడ్డి తింటుంది. ఒక రోజు వాన పడింది. మేక తడిసింది. రవి దానిని లోపల కట్టాడు.' ఇంత చాలు. మేక ఏం తింటుంది, రవి ఏం చేశాడు అన్నవి కార్డులోనే ఉన్న జవాబులు. లోపల ఎందుకు కట్టాడు అన్నదే అసలు ప్రశ్న. జవాబు ఏ మాటల్లో చెప్పినా ఒప్పుకోండి. లంబాడీ, కోయ, సవర ఇంటిభాషగా ఉన్న పిల్ల ఆ భాషలోనే చెప్పినా ఒప్పే, ఆ భాష తెలిసిన పెద్దపిల్లనో ఆయమ్మనో పక్కన ఉంచుకోండి.

ఇక వేగం. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి చివరికి నిమిషానికి 45–60 పదాలు అంటుంది. హిందీలో రెండు మూడు ముక్కలుగా రాసేది తెలుగులో 'వెళ్ళాలనుకున్నాడు' అని ఒక్క పదమై కూర్చుంటుంది. కాబట్టి ఈ లెక్కను కాస్త ఓపికతో చూడాలి. గడియారం నాలుగో కార్డుకే, అదీ రెండోసారి చదివేటప్పుడే పెట్టండి, పిల్లకు కనబడకుండా.

తర్వాత

మార్కులు కూడవద్దు. కాగితాలను తప్పును బట్టి కుప్పలు వేయండి. దీర్ఘం వదిలేసేవాళ్ళకు కలం-కాలం, మెడ-మేడ వంటి జంటలతో రోజూ పది నిమిషాలు. ఒత్తు వదిలేసేవాళ్ళకు ఒత్తున్న పదం, లేని పదం పక్కపక్కన. గుణింతం మొత్తం మళ్ళీ వల్లె వేయించడం ఈ రెండు జబ్బులకూ మందు కాదు, పాట బాగా వస్తుంది, అంతే. ఆరు వారాల తర్వాత కొత్త పదాలతో మళ్ళీ వినండి. పాత కార్డులు అప్పటిదాకా బీరువాలోనే ఉండాలి, గోడకు అతికించారంటే అవి పరీక్షకు పనికిరావు.