హాలీహాక్ పెంచడం, తుప్పు తెగులుకు చిక్కకుండా

శ్రీకాకుళం, విజయనగరం వైపు హాలీహాక్ అంటే చలికాలపు పూలమొక్కే. చల్లని ఊళ్లలోలాగ రెండో ఏడు కూడా పూస్తుందని దుబ్బు ఉంచేస్తే, పువ్వులకు బదులు తుప్పు తెగులును పోషించినట్టే. అక్టోబరు చివర విత్తాలి, ఫిబ్రవరి, మార్చిలో పువ్వులు చూడాలి, ఎండలు ముదిరాక పీకేయాలి.

కావలసినవి పార, కత్తెర, ఊతానికి మనిషెత్తు వెదురు కర్రలు, బాగా చివికిన గత్తం. విత్తనం మాత్రం రేక పువ్వుదే కొనండి. ముద్ద పువ్వు వానకు నీరు పట్టి కుళ్లుతుంది. ముద్దగానే కావాలంటే బంతి ఉంది కదా!

దసరాకే తొందరపడి విత్తకండి. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ తుఫాను 11న తీరం దాటాయి. నెలాఖరులో, రోజంతా ఎండ తగిలే, నీరు నిలవని చోట గోరంత లోతున గింజలు వేయండి. రెండు వారాల్లో మొలుస్తాయి. మొక్కకీ మొక్కకీ రెండడుగులు ఉండాలి. దగ్గరగా ఉంటేనే నిండుగా ఉంటుందని కొందరంటారు. గాలాడక ఆకులు తడి ఆరవు, తెగులుకు కావలసింది అదే. దీని తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి నర్సరీలో ఎదిగిన మొక్క తెచ్చి నాటడం దండగ.

ఇక అందరూ పాడుచేసే పని ఆకులు తీయడం.

ధనుర్మాసం మంచులో ఆకు పైన పసుపు, నారింజ చుక్కలు కనిపిస్తాయి. ఆకు తిప్పి చూస్తే ఆవగింజంత బుడిపెలు, ముదిరేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇది పక్సీనియా మాల్వసేరమ్ అనే శిలీంధ్రం. గోధుమ తుప్పులా దీనికి మధ్యలో ఇంకో మొక్క అక్కర్లేదు, హాలీహాక్ మీదే దాని బతుకంతా గడిచిపోతుంది. ఆకు తడిగా ఉంటే ఆ బుడిపెల నుంచే కొత్త శిలీంధ్ర బీజాలు లేచి గాలికి పక్క ఆకులకు చేరతాయి.

అందుకని మోకాలెత్తు పెరగగానే, చుక్కలు లేకపోయినా, నేలకు తగిలే ఆకులు తీసేయండి. తెగులు ముందు దిగేది వాటికే. పొద్దున్నే మంచు తడిలో మొక్కను ముట్టుకోవద్దు. పదకొండు దాటి ఆకు పూర్తిగా ఆరాక కత్తెరతో కాడ దగ్గర కోయండి. చేత్తో లాగితే కాండం తోలు లేచిపోతుంది. ఒకే రోజు మూడో వంతుకు మించి తీయకండి. మచ్చ ఉన్న ఆకును కిందికి రాల్చకుండా నేరుగా కవరులో వేయండి. గత్తం కుప్పలో అసలే వద్దు, వచ్చే ఏడు తెగులును పొలానికీ పెరటికీ మీరే మోసుకెళ్తారు. భోగి మంటలో వేద్దామని దాచేవాళ్లున్నారు. పండగ దాకా ఎందుకు? ఆ రోజే కాల్చండి, లేదా లోతుగా పాతండి.

నీళ్లు పొద్దున్న మొదట్లోనే పోయాలి, పైపు పట్టి ఆకులు తడపకూడదు.

తర్వాత మందు. తుప్పు పట్టిన ఆకు ఏ మందుకూ బాగుపడదు, మందు కాపాడేది మిగిలిన ఆకుల్ని. లీటరు నీటికి మాంకోజెబ్ అనే శిలీంధ్రం మందు రెండున్నర గ్రాములు కలిపి, పది పదిహేను రోజులకోసారి, ఆకు అడుగున తడిసేలా కొట్టండి. ముక్కుకు గుడ్డ, చేతికి గ్లౌజులు తప్పనిసరి. గంధకం వాడేవాళ్లు లీటరుకు మూడు గ్రాములు చాలనుకోండి, మండే ఎండలో వద్దు, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు అసలే వద్దు, ఆకులు మాడిపోతాయి. బూడిద జల్లడం, మజ్జిగ చిలకరించడం మీ తృప్తికే.

గింజలు దాచుకోవాలంటే ఎండిన కాయల పొట్టు పూర్తిగా ఊదేసి, ఒట్టి గింజలే కాగితం పొట్లంలో కట్టండి. తుప్పు బీజాలు ఆ పొట్టుకు అంటుకునే మళ్లీ వస్తాయి. మోళ్లు వేళ్లతో సహా తవ్వేసి, వచ్చే అక్టోబరుకు వేరే మడి చూసుకోండి.