సీకో 6139 క్రోనోగ్రాఫ్: కొనేముందు, విప్పేముందు

పాత క్రోనోగ్రాఫ్‌ల (స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి వాచీల) జోలికి కొత్తగా వెళ్లేవాళ్లకి మేం ముందు చెప్పేది సీకో 6139 గురించే. 1969లో వచ్చింది, ఆటోమేటిక్ (చేతి కదలికకి తనే కీ ఎక్కే) క్రోనోగ్రాఫ్‌లలో మొదటి తరంది. స్టాప్‌వాచ్ పనుల్ని నడిపే కాలమ్ వీల్, దాని ముల్లుని తిరిగే చక్రాలకి కలిపి విడదీసే వర్టికల్ క్లచ్ రెండూ లోపలే ఉంటాయి. 1973 నవంబరులో స్కైల్యాబ్ 4 అనే అంతరిక్ష యాత్రలో వెళ్లిన వ్యోమగామి విలియం పోగ్ పసుపు డయల్ 6139 పెట్టుకుని వెళ్లారు. అప్పటినుంచి పసుపు రంగువాటికి 'పోగ్' అనే పేరు స్థిరపడింది. నకిలీ డయళ్లు ఎక్కువగా వచ్చేదీ ఆ రంగులోనే.

డబ్బు పెట్టాల్సింది డయల్ మీద, కేసు మీద. మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) పాడైతే బాగు చేయించుకోవచ్చు, ఇంకో వాచీలోంచి భాగాలు తెచ్చి వేయొచ్చు. ఒరిజినల్ డయల్‌ని గీకి మళ్లీ పెయింట్ వేశాక, కేసు అంచుల్ని బఫ్ చక్రం మీద అరగదీశాక, వాటిని తిరిగి తేలేం.

ముందు వెనక మూత చూడండి. 6139-6002 లాంటి మోడల్ నంబరు, దాంతోపాటు సీరియల్ నంబరు ఉంటాయి. సీరియల్‌లో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. అక్టోబరుకి 0, నవంబరుకి N, డిసెంబరుకి D. '3N'తో మొదలైతే 1973 నవంబరు అన్నమాట. ఇవి 1970ల చివరిదాకా తయారయ్యాయి కాబట్టి మొదటి అంకె 9 ఒక్కటే తికమక పెడుతుంది: 1969 కావచ్చు, 1979 కావచ్చు. తేల్చేది డయల్ మీది రాత. తొలి వాచీల మీద 'వాటర్ 70ఎమ్ ప్రూఫ్' అని ఉంటుంది, 1970 తర్వాత 'ప్రూఫ్' పోయి 'రెసిస్ట్' వచ్చింది. సీరియల్ 1974 అంటుంటే డయల్ 'ప్రూఫ్' అంటే, రెండూ ఒక వాచీవి కావు.

ఇక డయల్‌ని 10ఎక్స్ లూప్‌లో (కంటికి ఆనించే భూతద్దంలో) చూడాలి. అసలుదైతే 6 దగ్గరున్న 30 నిమిషాల చిన్న డయల్ కాస్త లోతుగా దిగి, అందులో వలయాల గీతలు సన్నగా మెరుస్తాయి. నకిలీలో చదునుగా ప్రింట్ మాత్రమే కనిపిస్తుంది. 'సీకో' అక్షరాలు విడి లోహపు ముక్కలు, అంచులు పదునుగా ఉండాలి. డయల్ అట్టడుగున 6139తో మొదలయ్యే చిన్న కోడ్ ఉంటుంది. నకిలీల్లో అది ఉండదు, ఉన్నా మసకగా ఉంటుంది. మనవాళ్లు రేడియం అనే మెరుపు పూత ఇన్నేళ్లకి గోధుమ రంగుకో, ముదురాకుపచ్చకో తిరగాలి. చీకట్లో పచ్చగా వెలుగుతోందంటే ఈమధ్య వేసిందే.

ఈ వాచీకి చేత్తో కీ ఇవ్వడం కుదరదు. 6139-600ఎక్స్ మోడళ్లలో క్రౌన్ (పక్కనున్న తిప్పే గుండీ) తిప్పితే తిరిగేది అద్దం కింది లోపలి రింగు. క్రౌన్ తిరుగుతున్నా రింగు కదలడం లేదంటే, రెంటి మధ్యనున్న ప్లాస్టిక్ పళ్లచక్రం పెళుసెక్కి పొడైపోయి ఉంటుంది. కొత్త చక్రం దొరుకుతుంది, కానీ పాతదాని పొడి డయల్ మీద పడకుండా తీసేయాలి. క్రౌన్ సగం నొక్కితే తేదీ, పూర్తిగా నొక్కితే వారం మారుతుంది. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 దాకా ఆ పని చేయొద్దు, తేదీ మార్చే పళ్లు అప్పుడు పట్టుకుని ఉంటాయి.

మామూలు సెకన్ల ముల్లు దీనికి లేదు. మధ్యలో ఉన్న పొడవు ముల్లు క్రోనోగ్రాఫ్‌ది, కాబట్టి అది ఆగి ఉంటే వాచీ నడుస్తోందో లేదో కంటికి తెలియదు. అమ్మేవాళ్లని వీడియో అడగండి: అర నిమిషం ఊపి, పై బటన్ నొక్కి, ఫోన్ స్టాప్‌వాచ్ పక్కన పెట్టి 30 నిమిషాలు నడపాలి. గంటల ముల్లు, నిమిషాల ముల్లు సరైన టైమే చూపిస్తూ క్రోనో ముల్లు మాత్రం వెనకబడితే క్లచ్ జారుతోంది. ముల్లు 60 దాటిన ప్రతిసారీ కింది చిన్న ముల్లు ఒక గీత ముందుకెళ్లాలి. పై బటన్‌తో ఆపాక కింది బటన్ నొక్కితే రెండూ నేరుగా 12కి రావాలి. ముల్లు ఒక సెకను పక్కన ఆగితే, దాన్ని తీసి సరిగ్గా బిగించలేదనే అర్థం. ప్రతిసారీ వేరేచోట ఆగితే మాత్రం ముల్లు మధ్యనున్న గొట్టం వదులై అది ఇరుసు మీద జారుతోంది.

విప్పే పనిలో మొదట స్ప్రింగ్ బిగువు వదలాలి. తర్వాత రోటర్ (తిరుగుతూ కీ ఇచ్చే బరువు), మ్యాజిక్ లివర్ (ఆ ఊపుతో స్ప్రింగ్‌ని చుట్టే చేయి), క్రోనోగ్రాఫ్ బ్రిడ్జి (దాని చక్రాల్ని పట్టి ఉంచే పలక), చివర్లో గేర్ ట్రెయిన్ (పళ్లచక్రాల వరస). ఒక్కో దశకీ ఫొటో తీసుకోండి, స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. క్లచ్ ఉన్న క్రోనోగ్రాఫ్ చక్రాన్ని విడదీయకండి. దాని పలకల మధ్యకి నూనె పోతే పట్టు జారుతుంది. నూనె విషయంలో తక్కువే మేలు: వేగంగా తిరిగే ఇరుసులకి మీబియస్ (వాచీ నూనెల కంపెనీ, కింది నంబర్లన్నీ వాళ్లవే) 9010, నెమ్మదైనవాటికి హెచ్‌పీ1300, బ్యారెల్ (స్ప్రింగ్ ఉండే డబ్బా) లోపలి గోడకి 8217 గ్రీజు, ప్యాలెట్ (చక్రాన్ని ఆపి వదిలే ఫోర్కు) రాళ్లకి 9415. ప్యాలెట్ ఫోర్కు ఇరుసులకి, మ్యాజిక్ లివర్ కొనలకి చుక్క కూడా వద్దు.

అన్నీ శుభ్రం చేసినా యాంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) 200 డిగ్రీలు దాటకపోతే బ్యారెల్ ఇరుసు రంధ్రాల్ని అనుమానించండి. అక్కడ జ్యువెల్ (ఇరుసు తిరిగే రాయి) లేదు, లోహంలోనే రంధ్రం. ఏళ్ల తరబడి నూనె లేక నడిస్తే ఆ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, బ్యారెల్ పక్కకి వాలి రాసుకుంటుంది. ఇరుసుని ట్వీజర్‌తో పట్టుకుని అటూఇటూ కదిపితే ఊగడం కనిపిస్తుంది. రంధ్రంలో బుష్ (చిన్న లోహపు వలయం) వేయించడమో, బ్రిడ్జి మార్చడమో తప్ప మార్గం లేదు. ఎంత కొత్త స్ప్రింగ్ వేసినా ఆ లోపం పోదు.

తిరిగి బిగించేటప్పుడు ఎక్కువ వాచీలు పాడయ్యేది క్రోనో ముల్లు దగ్గరే. కింది బటన్ నొక్కి వదిలి, సుత్తి (ముల్లుని సున్నాకి తోసే లివర్) సున్నా మీద కూర్చున్నాక ముల్లుని 12 గీత మీద నిలిపి నొక్కాలి. ఆ ఒత్తిడి నేరుగా మధ్య చక్రం కింది కొన మీద పడుతుంది. కాబట్టి మూవ్‌మెంట్ వెనకవైపు సరిగ్గా ఆ జ్యువెల్ కింద ఆధారం ఉంచండి. లేకపోతే జ్యువెల్ పగులుతుంది, లేదా బ్రిడ్జి వంగి రీసెట్ పనిచేయదు.

కేసుకి గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్ చాలు. పాలిష్ పట్టించొద్దు. పై భాగం మీద సన్నని గీతల మెరుపు ఫ్యాక్టరీలో దిద్దింది, బఫ్ తగిలితే మాయమవుతుంది. పట్టీ కొనేటప్పుడు కొలత 19 మిల్లీమీటర్లు. 20 కొంటే అంచులు నలిగిపోతాయి.

బటన్ల గాస్కెట్లు, వెనక మూత గాస్కెట్ కొత్తవి వేసి, కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. డయల్ మీద 70 మీటర్లని రాసి ఉన్నా, దీన్ని చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టండి.