పెళ్లిళ్ల సీజన్‌కు ముందు సెక్యూరిటీ ఏజెన్సీలు సర్దుకోవాల్సిన లెక్కలు

కార్తీకం వచ్చిందంటే మా లైన్లో ఫోన్లు ఆగవు. పెళ్లిళ్లు, రిసెప్షన్లు, సినిమా ఫంక్షన్లు, ఆ వెంటనే డిసెంబరు 31 పార్టీలు. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకుంటాం, మాఘంలో మళ్లీ మొదలు. రాత్రి పదింటికి ఫోన్ చేసి "నలుగురు పీఎస్‌వోలు (వెంటే ఉండే బాడీగార్డులు) కావాలన్నా, తెల్లారి ఆరింటికల్లా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఉండాలి" అంటారు. ఆ హడావుడిలో రేటు ఒక్క మాటలో అనుకుని, మిగతాది తర్వాత చూసుకుందాం సార్ అనేస్తాం. గొడవలన్నీ ఆ 'తర్వాత'లోనే పుడతాయి. తోపులాటలో దెబ్బలు తిన్న డ్యూటీల కంటే బిల్లు దగ్గర తల దించుకున్న డ్యూటీలే నాకు బాగా గుర్తున్నాయి.

వాటిలో మొదటిది పూర్తిగా నా తప్పే. ఒక రిసెప్షన్‌కు నలుగురిని పంపాను. అమ్మకు ఒంట్లో బాగోలేదని ఫోన్ వస్తే ఒక కుర్రాడిని తొమ్మిదింటికే ఇంటికి పంపేశాను. బిల్లు మాత్రం నలుగురికీ వేశాను. ముగ్గురు కలిసి నలుగురి పని చేశారుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వారం తర్వాత వాళ్ల లెక్కలు చూసే పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, మీవాళ్లకి నాలుగు భోజనం కూపన్లు ఇచ్చాం. కేటరింగ్ వాళ్ల దగ్గర మూడే తేలాయి. నాలుగో అబ్బాయి ఉపవాసమా?" అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. తగ్గించి పంపుతానండీ అన్నాను, పంపాను. ఆ ఇంటి నుంచి మళ్లీ ఎప్పుడూ ఫోన్ రాలేదు.

అప్పటి నుంచి డ్యూటీ షీట్ లేకుండా మనిషిని పంపను. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, మధ్యలో రిలీవర్ (బదులు వచ్చే మనిషి) వస్తే ఎవరు. కింద క్లయింట్ తరఫు మనిషి సంతకం, డ్యూటీ ముగిసిన చోటే, ముగిసిన గంటలోనే. మర్నాడు పెట్టించుకుందామంటే ఆ మనిషి దొరకడు, దొరికినా గుర్తుండదు.

మనిషిని పంపే ముందు కాగితాలు చూసుకోవాలి. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టాన్ని మేం 'పసారా' అంటాం. లైసెన్సు 5 ఏళ్లు నడుస్తుంది, రాష్ట్రాన్ని బట్టి ఇస్తారు. పెళ్లి ఉదయ్‌పూర్‌లోనో గోవాలోనో పెట్టుకుంటే తెలంగాణ లైసెన్సు అక్కడ పనికిరాదు. అక్కడ లైసెన్సున్న ఏజెన్సీతో మాట్లాడుకుని, వాళ్ల చార్జీ ఎంతో, మనం పైన వేసుకునేది ఎంతో క్లయింట్‌కు ముందే విడివిడిగా చెప్పేయండి. కలిపేసి ఒకే అంకె రాస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆ రెండో ఏజెన్సీ డ్రైవరే అసలు రేటు బయటపెడతాడు.

గార్డుకు 160 గంటల శిక్షణ ఉండాలి: 100 గంటలు క్లాసులో, 60 గంటలు ఫీల్డులో. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు తక్కువ గంటలు చాలు. సీజన్లో మనుషులు దొరక్క చాలామంది జిమ్ కుర్రాళ్లకు నల్ల టీషర్టు తొడిగి పంపిస్తారు. బిల్లులో మాత్రం 'ట్రైన్డ్ పీఎస్‌వో' రేటు. నా లెక్కలో ఇది కూడా లేని మనిషికి బిల్లు వేయడమే. పైగా ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం. 2024 డిసెంబరు 4న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయాక, బౌన్సర్లు జనం మీద చెయ్యి వేస్తే ఏజెన్సీలను కూడా వదలమని హైదరాబాద్ పోలీసులు గట్టిగానే హెచ్చరించారు. గుంపును తొయ్యడం వేరు, వీఐపీని ఆ గుంపులోకి వెళ్లనివ్వకుండా ముందే వేరే గేటు చూసి పెట్టడం వేరు. రెండోది చేతనైనవాడికే పీఎస్‌వో రేటు వేయండి.

గన్‌మన్‌ను పంపుతుంటే తుపాకీ లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో మీ కళ్లతో చూడండి. ఎన్నికల నోటిఫికేషన్ వస్తే లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. తుపాకీ స్టేషన్లో ఉండి, బిల్లులో 'ఆయుధంతో గార్డు' అని ఉంటే ఏం సమాధానం చెబుతారు? ఇంకోటి, మనవాళ్లకు మిలిటరీ రంగు బట్టలంటే మోజు. సైన్యం, పోలీసు యూనిఫాంలను పోలినవి వేసుకుంటే పసారా చట్టం కింద జైలు శిక్ష కూడా ఉంది. సఫారీ సూట్ చాలు.

ఇక అసలు కష్టమైన సంగతి. మన దగ్గరికి వచ్చేవాడు భయంతో వస్తాడు, భయపడ్డ మనిషి బేరమాడడు. ఒక వ్యాపారికి రెండు బెదిరింపు కాల్స్ వచ్చాయి. ఎనిమిది మంది, రెండు ఎస్కార్ట్ బళ్లు కావాలన్నాడు. ఒప్పుకుంటే ఆ నెల నా ఇబ్బందులన్నీ తీరేవి. ముందు ఇల్లు చూద్దామని వెళ్లాను. వెనక గేటు గడియ విరిగి తాడుతో కట్టి ఉంది. డ్రైవర్ టీ కొట్టు దగ్గర నిలబడి "రేపు సార్ ఆరున్నరకి బయల్దేరతారు" అని పక్కవాడికి చెబుతున్నాడు. గడియ బాగు చేయించండి, బయల్దేరే వేళ రోజూ మార్చండి, కాల్స్ సంగతి స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి, పగలు ఒక మనిషి, రాత్రి ఒక మనిషి చాలు అని రాసిచ్చాను. నా పార్ట్‌నర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ నేను చేసింది సరైందనే అనుకుంటాను. ప్రమాదం ఎంతుందో రాసే మనిషి, మనుషుల్ని సప్లై చేసే మనిషి ఒకడే అయినప్పుడు కలం ఎటు వంగుతుందో మనకు తెలుసు. అందుకే ఎందుకు ఇంతమంది అన్నది కొటేషన్‌లోనే రెండు వాక్యాల్లో రాయండి. నెల తర్వాత మళ్లీ చూసి, అవసరం లేకపోతే మనుషుల్ని తగ్గించండి.

ప్రభుత్వ గన్‌మెన్‌లను 'ఇప్పిస్తాం' అని డబ్బులు తీసుకునేవాళ్లూ మన మధ్యే ఉన్నారు. 2+2 (రెండు షిఫ్టులకు ఇద్దరేసి) అయినా 4+4 అయినా ఎవరికి ఎంత ప్రమాదం ఉందో చూసి తేల్చేది పోలీసులు. ముకేశ్ అంబానీ కుటుంబం జెడ్ ప్లస్ భద్రత ఖర్చు తామే భరించాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆ ఖర్చు వెళ్లేది ప్రభుత్వానికి. మధ్యలో మనకు కమీషన్ లైను లేదు. అప్లికేషన్ రాసిపెట్టడానికి ఫీజు తీసుకోవచ్చు, రాసినందుకే తీసుకోండి.

సీజన్లో ఇంకో రకం ఫోన్ వస్తుంది. "పదిమంది కావాలి, ఏం చెయ్యక్కర్లేదు, సైట్ దగ్గర కూర్చుంటే చాలు." శివార్లలో భూమి తగాదా అన్నమాట. బిల్లు మీద 'ఈవెంట్ సెక్యూరిటీ' అని రాయమంటారు. ఫోన్ పెట్టేయండి.

ఒకే పెళ్లికి ఇద్దరు క్లయింట్లు వస్తారు, పెళ్లివాళ్లొకరు, అతిథిగా వచ్చే కంపెనీ ఎండీ ఒకరు. హాలు, పార్కింగు, ఆస్పత్రికి రూటు మన మనిషి వెళ్లి చూసి వచ్చేది ఒక్కసారే. ఆ అడ్వాన్స్ సర్వే ఇద్దరి బిల్లుల్లోనూ పూర్తిగా వేస్తే ఒకే ఇడ్లీ ఇద్దరికి అమ్మినట్టు. ఇద్దరికీ చెప్పి సగం సగం వేయండి. ఒకరు మన క్లయింటని రెండోవాళ్లకు చెప్పలేని పరిస్థితైతే మొదటివాళ్లకే వేసి, రెండోవాళ్లకు వదిలేయండి.

టోల్‌కు ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, హోటల్‌కు ఒరిజినల్ బిల్లు, అవుట్‌స్టేషన్ బత్తా రోజుకు ఇంత అని ముందే రాసుకోవాలి. 12 గంటలు దాటితే ఎంత, రాత్రి ఎనిమిదికి క్యాన్సిల్ అంటే ఎంత, ఫ్లైట్ లేటై ఎయిర్‌పోర్టులో నాలుగు గంటలు నిలబడితే ఎంత, ఇవీ అంతే. ట్రావెల్స్ వాడు బండికి ఇంత అని మీ జేబులో పెట్టే కమీషన్ ఉంటుంది. దాన్ని రేటులో తగ్గించైనా ఇవ్వండి, క్లయింట్‌కు చెప్పైనా తీసుకోండి.

పన్నుల్లో మూడు చోట్ల జాగ్రత్త. సెక్యూరిటీ సేవ మీద జీఎస్టీ 18 శాతం. మీ ఏజెన్సీ కంపెనీ కాకుండా సొంత పేరు మీద నడుస్తుంటే, జీఎస్టీ నమోదున్న క్లయింట్‌కు గార్డుల్ని ఇచ్చినప్పుడు ఆ పన్ను 2019 జనవరి 1 నుంచి క్లయింటే నేరుగా కట్టాలి. మీరు వసూలు చేయకూడదు. రెండోది, పీఎఫ్ 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం అని బిల్లులో వేస్తే అవి కుర్రాళ్ల పేరు మీద నిజంగా కట్టాలి. కిందటి నెల చలానా బిల్లుకు జత చేయండి, అడగకపోయినా. మూడోది నగదు. ఒకే సందర్భానికి ఒక మనిషి దగ్గర 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. మెహందీకి ఇంత, సంగీత్‌కి ఇంత అని ముక్కలు చేసినా పెళ్లి ఒకటే. దొరికితే తీసుకున్నంతా పెనాల్టీ కింద పోతుంది. కూతురి పెళ్లి డ్యూటీకి 'ఫ్యాక్టరీ సెక్యూరిటీ' అని కంపెనీ పేరు మీద బిల్లు ఇవ్వమని అడిగేవాళ్లుంటారు. "మా ఆడిటర్ ఒప్పుకోడు సార్" అనండి, తప్పు ఆడిటర్ మీద పెడితే ఎవరికీ కోపం రాదు.

ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. ఒకసారి మా ఆఫీసు అమ్మాయి తయారు చేసిన బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. అందులో 'పాప స్కూలు డ్రాప్, ఉదయం 7.40', పక్కన స్కూలు పేరు, బండి నంబరు, రోజూ వెళ్లే దారి. ఆ బిల్లు పీడీఎఫ్‌గా క్లయింట్ ఆఫీసులో నలుగురి వాట్సాప్‌లో తిరిగింది. మనం కాపలా కాసిన రహస్యాన్ని మనమే అచ్చేసి పంపాం. డ్యూటీ వివరాలు బయట చెప్పకూడదని పసారాలో గార్డుకు ఎలాగూ కట్టడి ఉంది, ఆఫీసుకు ఎందుకుండకూడదు? ఇప్పుడు బిల్లు మీద డ్యూటీ నంబరు, తేదీలు, మనుషులు, గంటలు మాత్రమే. మిగతా వివరాల కాగితం ఒకే మనిషి చేతికి వెళ్తుంది.

కుర్రాళ్లకు ఈ నెలలోనే రెండు పనులు చేయించండి. రెడ్‌క్రాస్‌లోనో సెయింట్ జాన్ అంబులెన్స్‌లోనో ఫస్ట్ ఎయిడ్ కోర్సు, పోలీసు వెరిఫికేషన్ రెన్యువల్. పైకి ఎదగాలనుకునే సూపర్‌వైజర్లకు సెక్యూరిటీ రంగం వాళ్ల అంతర్జాతీయ సంఘం ఏసిస్ ఇంటర్నేషనల్ ఇచ్చే సీపీపీ (సర్టిఫైడ్ ప్రొటెక్షన్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ విలువైనదే, కాకపోతే దానికి ఏళ్ల అనుభవం చూపాలి. బ్రిటన్‌లో ఈ పని చేయాలనుకునేవాళ్లకు అక్కడి ఎస్‌ఐఏ (సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ) ఇచ్చే క్లోజ్ ప్రొటెక్షన్, అంటే బాడీగార్డు లైసెన్సు తప్పనిసరి. ఇక్కడి అనుభవంతోనే పనైపోతుందని చెప్పే ఏజెంట్‌కు డబ్బు కట్టకండి.

ఈ సీజన్‌కు నా డ్యూటీ షీట్‌లో కొత్తగా ఒక గడి కలిపాను: భోజనం. ఎవరు, ఎన్నింటికి, ఎక్కడ తిన్నారు. రాత్రి పదకొండు దాకా ఆ గడి ఖాళీగా ఉంటే సూపర్‌వైజర్ నాకు ఫోన్ చేయాలి.