మోషన్ ప్లాట్‌ఫామ్ కొనే ముందు

ఇంట్లో రేసింగ్ సిమ్యులేటర్ ఉన్నవారు మోషన్ ప్లాట్‌ఫామ్ (ఆటలోని కారు కదలికకు తగ్గట్టు సీటును కదిపే యంత్రం) కంటే ముందుగా లోడ్ సెల్ బ్రేక్ పెడల్ (ఎంత దూరం కాక ఎంత బలంగా నొక్కామో కొలిచే పెడల్) సమకూర్చుకోవడం మేలు. ల్యాప్ టైమ్ (ట్రాక్‌ను ఒకసారి చుట్టడానికి పట్టే సమయం) నిలకడగా రావడానికి ఎక్కువగా తోడ్పడేది అదే. నాలుగు మూలలా యాక్చువేటర్లు (పైకీ కిందికీ కదిపే మోటారు పరికరాలు) బిగించిన ప్లాట్‌ఫామ్ కుదుపులను, వంపులను చక్కగా తెలియజేస్తుంది గాని, మలుపు పొడవునా శరీరాన్ని పక్కకు నెట్టే బలాన్ని ఇవ్వలేదు, సీటును వాల్చి ఆ భ్రమను మాత్రమే కలిగిస్తుంది. అయినా ట్రాక్ అంచున ఉండే కెర్బ్ మీదికి చక్రం ఎక్కిన క్షణాన వీపుకు తగిలే ఆ అదురు నిజంగా అద్భుతం. అపార్ట్‌మెంట్‌లో అదే అదురు స్లాబ్ గుండా కింది ఇంటికి దిగుతుంది కనుక రిగ్ (సీటు, పెడళ్లు బిగించిన చట్రం) కింద మందపాటి రబ్బరు మ్యాట్లు వేయాలి. వీఆర్ హెడ్‌సెట్ వాడేవారికి, రిగ్ కదలికను తల కదలికగా లెక్కించకుండా చూసే మోషన్ కాంపెన్సేషన్ సాఫ్ట్‌వేర్ కూడా అవసరమవుతుంది. కరెంటును వెంటనే తెంచే ఎర్ర బటన్‌ను చేతికందేచోట తప్పనిసరిగా బిగించండి. ఖర్చు భారమనిపిస్తే, సీటు కింద ఒక బేస్ షేకర్ (శబ్దాన్ని అదురుగా మార్చే పరికరం) అమర్చుకున్నా ఇంజిన్ అదురు, గేరు మారిన జాడ బాగానే తెలుస్తాయి.