ప్రోటీనులో ఏది దేన్ని తాకుతోంది: లెక్క కట్టే పద్ధతి

కనగల్ దగ్గర మా అన్నయ్యకు బత్తాయి తోట ఉంది. రెండు చెట్లు దగ్గరగా ఉన్నాయా అని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడు: "మొదలు నుంచి మొదలుకా, కొమ్మ నుంచి కొమ్మకా?" మొక్క నాటేటప్పుడు మొదళ్ల మధ్య దూరం చూస్తాడు. తెగులు పాకుతుందేమోనన్న భయం పట్టుకున్నప్పుడు కొమ్మలు కలిశాయేమో చూస్తాడు. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్పే నేను, ప్రోటీనులో ఏ భాగం దేన్ని తాకుతోందో చెప్పే కాంటాక్టుల పాఠాన్ని ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. ప్రోగ్రాము చకచకా రాయగలిగిన వాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

ముందు ఒక మాట. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో చేరాక అమైనో ఆమ్లంలో మిగిలే భాగమే రెసిడ్యూ. పుస్తకాల్లో 'అవశేషం' అని ఉంటుంది. ఆ మాట అంటే మా పిల్లలకు పానగల్ మ్యూజియంలోని విరిగిన శిల్పాలు గుర్తొస్తాయి. అందుకని రెసిడ్యూ అనే అంటాను.

మొదలు నుంచి మొదలుకు కొలవడమంటే రెండు రెసిడ్యూల ఆల్ఫా కార్బన్ల (గొలుసు మీద పక్క కొమ్మ మొలిచే కార్బన్ల) మధ్య దూరం చూడటం. అది 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్టు ఉన్నట్టు లెక్క. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. నిర్మాణాలను ముందుగా ఊహించే పోటీల్లో ఆల్ఫాకు బదులు బీటా కార్బన్లను (పక్క కొమ్మలో మొదటి కార్బన్లను) తీసుకుంటారు. గ్లైసిన్‌కు బీటా కార్బన్ ఉండదు కాబట్టి అక్కడ మాత్రం ఆల్ఫానే వాడతారు. కొమ్మ నుంచి కొమ్మకు కొలవాలంటే హైడ్రోజన్ కాని ప్రతి పరమాణువునూ అవతలి రెసిడ్యూలోని ప్రతి పరమాణువుతో పోల్చి, అన్నిటికన్నా తక్కువ దూరం తీసుకోవాలి. అది 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉండాలి. ప్రోటీను మొత్తం ఎలా మడత పడిందో తెలియాలంటే మొదటి పద్ధతి చాలు. ఏ రెసిడ్యూ దేన్ని పట్టుకుని ఉందో, అంటే రసాయనం, తెలియాలంటే రెండోది కావాలి. ఆర్జినిన్ లాంటి పొడవు చేతుల రెసిడ్యూ దూరం నుంచే అవతలి ఆమ్ల రెసిడ్యూను అందుకుంటుంది. ఆల్ఫా కార్బన్లు మాత్రమే చూసేవారికి ఆ పట్టు కనబడకపోవచ్చు. ఏ పద్ధతిలో, ఎంత హద్దుతో కొలిచారో మీ కాంటాక్టుల పట్టిక పైనే రాయండి. అది లేని పట్టికను నేను దిద్దకుండా వెనక్కి ఇచ్చేస్తాను.

మొదటిసారి చేసేవారికి కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ప్రోటీనును మించింది లేదు. ఒక్కటే గొలుసు, 129 రెసిడ్యూలు. 1971లో కేవలం ఏడు నిర్మాణాలతో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకులో ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. అందులో '193ఎల్' అనే సంకేతంతో ఉన్న ఫైలు దించుకోండి, ఉచితమే. 1.33 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టత ఉన్న నిర్మాణం కాబట్టి దూరాలను నమ్మవచ్చు.

ఆ డేటా బ్యాంకు పాత పీడీబీ పద్ధతి ఫైలులో ఒక్కో పరమాణువుకు ఒక్కో వరుస ఉంటుంది. దాన్ని ఖాళీలను బట్టి విడగొట్టకండి, అక్షరాల స్థానాలను బట్టి విడగొట్టండి. 13 నుంచి 16 వరకు పరమాణువు పేరు, 18 నుంచి 20 వరకు రెసిడ్యూ పేరు, 22లో గొలుసు, 23 నుంచి 26 వరకు రెసిడ్యూ సంఖ్య, 31 నుంచి 54 వరకు ఎనిమిదేసి అక్షరాల చొప్పున మూడు నిరూపకాలు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. నిరూపకం మైనస్ వంద దాటితే దాని ముందున్న అంకెకు అతుక్కుపోతుంది, మధ్యలో ఖాళీ మిగలదు. నా ప్రోగ్రాము అలాంటి వరుసలను చప్పుడు చేయకుండా వదిలేసింది. తప్పు అని ఒక్క ముక్క కూడా చెప్పలేదు. రెండు వారాల పాటు రంధ్రాలున్న ప్రోటీనుకు నేను అందంగా వ్యాఖ్యానం రాసుకుంటూ కూర్చున్నాను.

ఇంకో గుంట కూడా అక్కడే ఉంది. ఆల్ఫా కార్బన్ పేరు, క్యాల్షియం పేరు ఫైలులో ఒకే రెండు అక్షరాలు. ఆల్ఫా కార్బన్ అయితే పేరు 14వ స్థానంలో మొదలవుతుంది, క్యాల్షియం అయితే 13లో. ఖాళీలు తీసేసి చదివితే రెండూ ఒకటైపోతాయి. నాలుగు క్యాల్షియం అయాన్లున్న కాల్మోడ్యులిన్ అనే ప్రోటీను ఫైలు ఇస్తే, ఒక అబ్బాయి పట్టికలో నాలుగు ఆల్ఫా కార్బన్లు ఎక్కువ వచ్చాయి. వాటి చుట్టూ ఆమ్ల రెసిడ్యూలు మూగి ఉండటం చూసి కొత్త విషయం కనిపెట్టానని సంబరపడ్డాడు పాపం. ఒకే రెసిడ్యూకు రెండు భంగిమలు ఇచ్చి ఉంటే (17వ స్థానంలో అక్షరం కనిపిస్తుంది) ఎక్కువ వాటా ఉన్నదాన్నే ఉంచుకోండి. నీటి అణువులను తీసేయండి.

లెక్క ఎనిమిదో తరగతిదే. ఒక బిందువు (12, 7, 20) దగ్గర, ఇంకొకటి (15, 11, 22) దగ్గర ఉన్నాయనుకోండి. తేడాలు 3, 4, 2. వాటి వర్గాలు 9, 16, 4, మొత్తం 29, వర్గమూలం 5.39. ఇవి ఆల్ఫా కార్బన్లయితే 8 లోపు ఉన్నాయి కాబట్టి కాంటాక్టే. లైసోజైమ్‌లో ఇలా కొలవాల్సిన జతలు 8,256. ఎక్సెల్ చాలు. కొమ్మల లెక్కకు వస్తే 1,001 పరమాణువులకు ఐదు లక్షల పైచిలుకు జతలవుతాయి. అప్పుడు బయోపైథాన్ (జీవశాస్త్రం లెక్కలకు పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రాముల పెట్టె) లాంటిది పట్టుకోండి. అందులో దగ్గరివాటిని మాత్రమే వెతికి ఇచ్చే సాధనం ఉంది.

పట్టిక రాగానే దాన్ని నమ్మకండి. ముందే జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి దానికి వేయండి. లైసోజైమ్‌లో ఎనిమిది సిస్టీన్లు నాలుగు డైసల్ఫైడ్ బంధాలతో (గంధకానికి గంధకం కలిసే బంధాలతో) ముడిపడి ఉంటాయి: 6తో 127, 30తో 115, 64తో 80, 76తో 94. ఈ నాలుగు జతలూ మీ జాబితాలో ఉండి తీరాలి. గంధకం నుంచి గంధకానికి దూరం 2 ఆంగ్‌స్ట్రామ్‌ల చిల్లర రావాలి. గొలుసులో పక్కపక్కనే ఉన్న ఆల్ఫా కార్బన్ల మధ్య 3.8 రావాలి. ఇందులో ఏది తప్పినా మిగతా పట్టిక చదవనక్కరలేదు, ఫైలు చదివిన చోటికి వెనక్కి వెళ్లండి.

ఇప్పుడు గ్రాఫు కాగితం తీసుకోండి. కంప్యూటరు క్షణంలో గీసి పెడుతుంది, నిజమే. కానీ మొదటిసారి చేత్తో వేసినవారికే అది చదవడం వస్తుందని నా నమ్మకం. అడ్డంగా 129 మిల్లీమీటర్లు, నిలువుగా 129. కాంటాక్టు ఉన్న ప్రతి జతకూ ఒక పెన్సిలు చుక్క. కర్ణానికి రెండు వైపులా ఒకే బొమ్మ వస్తుంది కాబట్టి సగం వేస్తే చాలు. పుట్టపాక నుంచి వచ్చే అమ్మాయి ఒకరు అందరికన్నా ముందే ముగించింది; వాళ్ల ఇంట్లో మగ్గం డిజైన్లు గ్రాఫు కాగితం మీదే వేస్తారట. కర్ణాన్ని ఆనుకుని మందపాటి పట్టీలా కనిపించేవి హెలిక్సులు, అంటే గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న చోట్లు: 5–15, 25–36, 88–99, 108–115 ప్రాంతాలు. 43 నుంచి 54 మధ్యలో కర్ణానికి అడ్డంగా ఒక చార వెళుతుంది. అది ఎదురెదురు దిశల్లో నడిచే బీటా పోగుల (గొలుసు చాచినట్టు సాగే భాగాల) జత. ఎక్కడో మూలన ఒంటరిగా ఉండే 6–127 చుక్క, గొలుసు రెండు కొసలూ ఒక్కచోటికి వచ్చాయని చెబుతుంది.

హెలిక్సులో రెసిడ్యూకు 1.5 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే పైకి లేస్తుంది. అందువల్ల మూడు, నాలుగు స్థానాల అవతలివన్నీ 8 లోపే పడతాయి. వాటిని లెక్కలో ఉంచితే పట్టిక ఇంటి పక్కవాళ్లతోనే నిండిపోతుంది. బొమ్మకు అన్నీ కావాలి కానీ, పట్టికలో మాత్రం గొలుసులో కనీసం ఆరు స్థానాల తేడా ఉన్న జతలనే ఉంచండి. 24 దాటినవాటికి ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి, మడతను చెప్పేవి అవే.

ఏ రకం పట్టు అన్నది తర్వాతి ప్రశ్న. నైట్రోజన్, ఆక్సిజన్ల మధ్య 3.5 లోపు ఉంటే హైడ్రోజన్ బంధానికి అవకాశం ఉంది. ఎదురెదురు ఆవేశాలై 4 లోపు ఉంటే ఉప్పు వంతెన. పార్శ్వ గొలుసుల (పక్క కొమ్మల) జాబితాతో మాత్రమే వెతికితే 13వ లైసిన్ దొరకదు, ఎందుకంటే అది పట్టుకున్నది చివరిదైన 129వ ల్యూసిన్ కార్బాక్సిల్ కొసను. ఇంకొకటి: దగ్గరగా ఉన్నంత మాత్రాన స్నేహం అనుకోకండి. రెండు రుణావేశాలు కూడా 4.5 లోపు ఇరుక్కుని ఉండవచ్చు. ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాము ఊహించిన నిర్మాణమైతే, ఉష్ణ కారకం (పరమాణువు ఎంత కదులుతోందో చెప్పే అంకె) ఉండాల్సిన గడిలో నమ్మకం అంకె ఉంటుంది. 70 కన్నా తక్కువున్న చోట నేను కాంటాక్టులు లెక్కపెట్టను.

లైసోజైమ్ అయ్యాక హిమోగ్లోబిన్‌కు వెళ్లండి. '1హెచ్‌హెచ్‌ఓ' ఫైలులో రెండు గొలుసులే (ఒక ఆల్ఫా, ఒక బీటా) ఉంటాయి. హిమోగ్లోబిన్‌కు ఉండేవి నాలుగు. మిగతా సగాన్ని స్ఫటిక సౌష్ఠవంతో (స్ఫటికంలో అదే అమరిక మళ్లీ మళ్లీ వచ్చే తీరుతో) తెచ్చుకోవాలి, లేకపోతే ఒక ఆల్ఫా-బీటా జతకూ రెండో జతకూ మధ్య కాంటాక్టులు మాయమవుతాయి. డేటా బ్యాంకులోనే 'జీవ సముదాయం' ఫైలు విడిగా దొరుకుతుంది, అది దించుకోండి. రెసిడ్యూ సంఖ్య ముందు గొలుసు అక్షరం తప్పకుండా చేర్చండి, నాలుగు గొలుసుల్లోనూ 6 ఉంటుంది మరి.

ఆ 6 సంగతే చూడండి. కొడవలి కణ వ్యాధిలో బీటా గొలుసు 6వ స్థానంలోని గ్లూటమిక్ ఆమ్లం పోయి వాలిన్ వస్తుంది. మొదటి మెథియోనిన్‌ను కూడా లెక్కపెట్టే జన్యు నివేదికల్లో ఇదే 7వ స్థానం, కంగారు పడకండి. ఆ వాలిన్ వెళ్లి పక్క అణువు బీటా గొలుసులోని 85వ ఫినైలలనిన్, 88వ ల్యూసిన్ దగ్గరి గుంటలో కూర్చుంటుంది. '2హెచ్‌బీఎస్' ఫైలులో రెండు అణువులు, ఎనిమిది గొలుసులు ఉన్నాయి. మొదట ఒక్క బీటా గొలుసుతో జాబితా తీయండి. తర్వాత ఎనిమిదింటితో, అవసరమైతే స్ఫటికంలోని పొరుగు అణువులను కూడా పైమాల్ అనే ప్రోటీను బొమ్మల ప్రోగ్రాములో చేర్చి, 4.5 హద్దుతో మళ్లీ తీయండి. రెండు జాబితాల్లో 6వ వాలిన్ వరుసలను పక్కపక్కన పెట్టుకుని, రెండోదానిలో కొత్తగా వచ్చిన పేర్ల కింద గీత గీయండి.