టెస్టులను కమాండ్ లైన్‌లో నడపడం ఎలా? (అర పుట్టి వడ్ల లెక్కతో)

మా నెల్లూరు పక్క వడ్ల బేరం ఇప్పటికీ పుట్లలోనే. పుట్టి అంటే 850 కిలోలు. కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లుకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చిన కొత్తలో గుమాస్తా ఫోన్ చేశాడు: "ఏంది అబ్బయ్యా, మా అర పుట్టి యాడికి పోయింది?" పన్నెండున్నర పుట్లకు 10,625 కిలోలు రావాలి. నా ప్రోగ్రాం 10,200 చూపిస్తోంది. పుట్ల సంఖ్యను ఇంట్ (పూర్ణాంకం)లోకి మార్చి, ఆ అరను కోసేసింది నేనే. ఒకటి, రెండు, పది పుట్లు కొట్టి చేత్తో సరిచూసుకున్నాను కదా, అన్నీ కరెక్టే వచ్చాయి మరి. అప్పటినుంచి టెస్టులు, అంటే ప్రోగ్రాం సరిగ్గా లెక్క చెబుతోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాంలు, రాసుకుని, బ్లాక్ స్క్రీన్ మీద నడిపాకే ఏదైనా పంపుతున్నాను.

పైథాన్‌లో పైటెస్ట్ అనే టూల్‌తో ఎలాగో చూద్దాం. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. అడ్డగీత పక్కన అక్షరం పేరుంటే, ఆ ఒక్క అక్షరమే కొట్టాలి.

ముందు టెర్మినల్ (ఆ బ్లాక్ స్క్రీనే) తెరిచి, సిడి కమాండ్‌తో ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లండి. సగం మంది చిక్కుకునేది ఇక్కడే. వేరే ఫోల్డర్‌లో నిలబడి "టెస్టులు రావట్లేదు" అంటుంటారు. పైథాన్ ముందే ఉంటే, పైటెస్ట్‌ను ఇలా పెట్టుకోవాలి:

పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ పైటెస్ట్

ఉబుంటు అనే లినక్స్‌లో కొత్తవి ఇది ఒప్పుకోవు, ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ఒక్క ప్రోగ్రాంకే విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్) చేసుకోమంటాయి. వాటి మాట వినండి, మంచికే.

ఇప్పుడు అదే ఫోల్డర్‌లో టెస్ట్ ఫైలు. పేరును "టెస్ట్_" తో మొదలుపెట్టండి, ఉదాహరణకు "టెస్ట్_పుట్టి.పై". లోపల ఫంక్షన్ పేరు కూడా "టెస్ట్" తోనే మొదలవ్వాలి. ఆ ఫంక్షన్‌లో ఒక్క లైను చాలు (అసర్ట్ అంటే "ఇది నిజమై తీరాలి" అని):

అసర్ట్ కిలోలు(12.5) == 10625

"కిలోలు" అనేది పుట్లు ఇస్తే బరువు చెప్పే మన ఫంక్షన్. దాన్ని పైన ఇంపోర్ట్ చేసుకోవడం మరచిపోకండి. టెస్టుకు సంఖ్యలు ఎంచుకునేటప్పుడు సుఖంగా ఉండేవి కాకుండా, ఇబ్బంది పెట్టేవి పట్టుకోండి: అర, పావు, సున్నా. పది పుట్లకు ఏ ప్రోగ్రామైనా లెక్క చెబుతుంది.

ఇక నడపడం:

పైథాన్ -ఎమ్ పైటెస్ట్

పాసైన ప్రతి టెస్టుకూ ఒక చుక్క పడుతుంది. ఫెయిలైతే పెద్ద ఎఫ్. టెస్టు మొదలయ్యే ముందు చేసే ఏర్పాట్లలోనే ఏదైనా విరిగితే పెద్ద ఈ. ఎరుపు రంగులో బోలెడంత వచ్చి పడితే టెన్షన్ పడక్కర్లేదు. "అసర్ట్ 10200 == 10625" అన్న లైను ఒక్కటి వెతకండి. ఎడమవైపుది ప్రోగ్రాం చెప్పిన లెక్క, కుడివైపుది రావాల్సింది. రెండింటికీ తేడా 425, అంటే సరిగ్గా అర పుట్టి. దొంగ దొరికినట్టే. ఇంట్ తీసేసి మళ్లీ నడిపితే చుక్క పడుతుంది.

మొదటిసారే అన్నీ చుక్కలొస్తే నేను నమ్మను. ప్రోగ్రాంలో 850ని 851 చేసి ఒకసారి నడుపుతాను. అప్పుడూ చుక్కే పడిందంటే ఆ టెస్టు దండగ, అది దేన్నీ పట్టుకోవడం లేదు.

టెస్టులు పెరిగాక పక్కన తగిలించే ముక్కలు కొన్ని పనికొస్తాయి. -వి పెడితే ఒక్కో టెస్టు పేరూ కనిపిస్తుంది. -ఎక్స్ పెడితే మొదటి ఫెయిల్ దగ్గరే ఆగిపోతుంది. -కె పుట్టి అంటే పేరులో పుట్టి ఉన్నవి మాత్రమే నడుస్తాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది --ఎల్ఎఫ్: కిందటిసారి ఫెయిలైనవాటినే మళ్లీ నడుపుతుంది, టీ చల్లారేలోపు పనైపోతుంది. పాసైన టెస్టులో మీరు పెట్టిన ప్రింట్ కనబడకపోతే -ఎస్ పెట్టండి, పైటెస్ట్ దాన్ని దాచి ఉంచుతుంది.

ఒకసారి నేను ఫైలుకు "టెస్ట్స్.పై" అని పేరు పెట్టాను. నడిపితే ఎక్కడా ఎరుపు లేదు, సంతోషించాను. తీరా చూస్తే అది ఒక్క టెస్టునూ గుర్తుపట్టలేదు, "కలెక్టెడ్ 0 ఐటమ్స్" అని మర్యాదగా చెప్పి ఊరుకుంది. టెస్టులు నడవకపోవడం వేరు, పాసవడం వేరు. ఈ తేడాను కంప్యూటర్ ఎగ్జిట్ కోడ్‌తో, అంటే కమాండ్ ముగిశాక వదిలే ఒక అంకెతో, చెబుతుంది. లినక్స్‌లో "ఎకో $?", విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో "ఎకో %ఎర్రర్‌లెవెల్%" కొడితే ఆ అంకె కనిపిస్తుంది. 0 అంటే అన్నీ పాస్. 1 అంటే కొన్ని ఫెయిల్. 5 అంటే అసలు టెస్టులే దొరకలేదు. నాకు ఆ రోజు వచ్చింది 5.

ఈ అంకె మన కంటికన్నా యంత్రానికే ఎక్కువ ఉపయోగం. మిల్లు ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా పంపే ముందు నేను కొట్టే లైను ఇది:

పైథాన్ -ఎమ్ పైటెస్ట్ && గిట్ పుష్

మొదటిది 0 ఇస్తేనే రెండోది, అంటే మార్పులను సర్వర్‌కు పంపే గిట్ పుష్, కదులుతుంది. ఒక్క ఎఫ్ పడినా, టెస్టులు దొరక్కపోయినా, పుష్ జరగదు. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్ 5.1లో ఈ జంట గుర్తు చెల్లదు, అక్కడ కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుని కొట్టండి.