ఈమాక్స్‌లో ఉత్తరాలు – మూడో పాఠం: పంపడం, పంపేముందు ఆపి ఉంచడం

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే ఈమెయిల్ ఉత్తరాలు చదివి రాసే పద్ధతి ఈ పాఠాల విషయం. రెండో పాఠం ముగిసేసరికి ఎమ్‌బీసింక్ అనే ప్రోగ్రాము మన ఉత్తరాలను సర్వర్ నుంచి డిస్కు మీదకు దింపింది, మ్యూ వాటికి సూచిక కట్టింది, ఈమాక్స్‌లో ఆ సూచికను చూపే మ్యూ-ఫోర్-ఈ తెరిచి వాటిని నెట్ లేకుండానే చదవగలుగుతున్నాం. ఈ పాఠంలో ఉత్తరం మన దగ్గరి నుంచి బయటికి వెళ్లే దారి చూద్దాం. అమరికల పేర్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. ఫైలులో టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, పదాల మధ్య అడ్డగీతలతో రాయాలి.

మొదట తెలుసుకోవలసినది, ఉత్తరం రావడానికీ పోవడానికీ దారులు వేరు. రాక ఐమ్యాప్ అనే పద్ధతి మీద, 993 పోర్టులో (పోర్టు అంటే సర్వర్‌కు అంకె వేసిన ద్వారం) జరుగుతుంది. ఆ పని ఎమ్‌బీసింక్‌ది. పోక ఎస్‌ఎంటీపీ అనే పద్ధతి మీద జరుగుతుంది. ఆ పనికి ఈమాక్స్‌తోపాటే వచ్చే ఎస్‌ఎంటీపీమెయిల్ అనే భాగం చాలు. అందుకే ఉత్తరాలు చక్కగా వస్తున్నా ఒక్కటీ పోకపోవడం కొత్తవారికి తరచుగా ఎదురవుతుంది. అలాంటప్పుడు ఎమ్‌బీసింక్ ఫైలును ఎంత తిరగేసినా లాభం ఉండదు.

ఈమాక్స్ మొదలవగానే చదివే అమరికల ఫైలులో, అంటే మీ ఇనిట్ ఫైలులో, మెసేజ్-సెండ్-మెయిల్-ఫంక్షన్‌కు ఎస్‌ఎంటీపీమెయిల్-సెండ్-ఇట్ అనే విలువ ఇవ్వండి. ఆ తర్వాత ఎస్‌ఎంటీపీమెయిల్-ఎస్‌ఎంటీపీ-సర్వర్‌కు మీ ఖాతా ఇచ్చేవారి సర్వర్ పేరు, ఎస్‌ఎంటీపీమెయిల్-ఎస్‌ఎంటీపీ-సర్వీస్‌కు 587, ఎస్‌ఎంటీపీమెయిల్-స్ట్రీమ్-టైప్‌కు స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలు భాషలో మొదలై తర్వాత గుప్తీకరణకు మారే పద్ధతి) ఇవ్వాలి. మీ సర్వర్ 465 పోర్టు అడిగితే స్ట్రీమ్-టైప్ ఎస్ఎస్ఎల్ కావాలి. ఈ రెండు జతలను కలగాపులగం చేయకూడదు. 465లో సర్వర్ మొదటి క్షణం నుంచే గుప్తీకరించిన మాట కోసం కాచుకుని ఉంటుంది. స్టార్ట్‌టీఎల్ఎస్ పద్ధతిలో మన ఈమాక్స్ మాత్రం సర్వర్ ముందుగా మామూలు భాషలో పలకరించాలని ఎదురుచూస్తుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మెదపకుండా కూర్చుంటారు, తెర కదలదు, తప్పు ఇదని చెప్పే సందేశం కూడా రాదు.

సంకేతపదాన్ని ఇనిట్ ఫైలులో రాయకండి. చుక్కతో మొదలయ్యే ఆథ్‌ఇన్ఫో అనే ఫైలును జీపీజీ అనే గుప్తీకరణ ప్రోగ్రాముతో గుప్తీకరించి ఇంటి డైరెక్టరీలో ఉంచితే ఈమాక్స్ దానంతట అదే అక్కడ వెతుక్కుంటుంది. ఖాతాకు ఒక వరుస చాలు: మెషీన్ అన్న మాట తర్వాత సర్వర్ పేరు, లాగిన్ తర్వాత చిరునామా, పోర్టు తర్వాత అంకె, పాస్‌వర్డ్ తర్వాత సంకేతపదం. ఇక్కడి సర్వర్ పేరు, ఇనిట్ ఫైలులోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. జీమెయిల్ వాడేవారు రోజూ వాడే సంకేతపదం ఇస్తే పనిచేయదు. 2022 మే 30 నుంచి గూగుల్ ఆ దారి మూసివేసింది. ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని దాన్నే ఈ వరుసలో రాయాలి.

ఇప్పుడు ఒక ఉత్తరం రాద్దాం. మ్యూ-ఫోర్-ఈ ముఖ్య తెరలో పెద్ద సి నొక్కితే ఖాళీ ఉత్తరం తెరుచుకుంటుంది. తెలుగులో రాయడానికి కంట్రోల్-ఎక్స్, రిటర్న్, కంట్రోల్-వెనుకగీత వరుసగా నొక్కి, అడిగినప్పుడు తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ గాని తెలుగు-ఐట్రాన్స్ గాని ఇవ్వండి. ఆ తర్వాత కంట్రోల్-వెనుకగీత ఒక్కటే తెలుగుకూ ఇంగ్లీషుకూ మధ్య తిప్పుతుంది. ఈమాక్స్‌ను టెర్మినల్‌లో కాక దాని సొంత కిటికీలో నడపడం మేలు, ఎందుకంటే 27వ రూపం నుంచి ఈమాక్స్ వాడుతున్న హార్ఫ్‌బజ్ ఒత్తులనూ గుణింతాలనూ సరిగ్గా కూర్చేది అక్కడే.

విషయం వరుసలో "జీడిపప్పు ధరలు" అని రాశామనుకుందాం. పలాసలో జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు చూసే నాకు ఇది రోజూ చేతికి వచ్చే విషయమే. శీర్షిక వరుసలు పాతకాలం నుంచీ ఇంగ్లీషు అక్షరాలకు ఏర్పడ్డవి కనుక ఈమాక్స్ ఈ రెండు మాటలను బేస్64 అనే, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉన్న రాతలోకి మార్చి పంపుతుంది. లెక్క వేసి చూడండి. గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కిస్తే ఇందులో 13 తెలుగు సంకేతాలున్నాయి. కంప్యూటరు తెలుగును దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, అంటే 39, నడుమ ఖాళీ ఒకటి కలిసి 40. బేస్64 ప్రతి 3 బైట్లకూ 4 అక్షరాలు తీసుకుంటుంది కాబట్టి అవి 56 అవుతాయి. ముందూ వెనకా తగిలించే గుర్తులు 12 కలిపితే 68. ఇలా మార్చిన ఒక్కొక్క ముక్కకు ఈమెయిల్ ప్రమాణం అనుమతించేది 75 అక్షరాలు. దీని పక్కన జీడిపప్పు రకం పేరు "డబ్ల్యూ 320" చేర్చితే ఆ హద్దు దాటి రెండో ముక్క మొదలవుతుంది. ఈ మార్పు మీరు చేయనక్కరలేదు. ఎప్పుడైనా ఉత్తరాన్ని ముడి రూపంలో తెరిచినప్పుడు విషయం వరుసలో అర్థంలేని అక్షరాల బారు కనిపిస్తే బెదరకండి, ఉత్తరం చెడలేదు.

ధరల పట్టికను జోడించడానికి కంట్రోల్-సి, కంట్రోల్-ఎ. ఉత్తరం వద్దనుకుంటే కంట్రోల్-సి, కంట్రోల్-కె. పంపడానికి కంట్రోల్-సి రెండుసార్లు.

ఈ పాఠంలో అసలు ఆగవలసిన చోటు ఇదే. నెట్ లేనప్పుడు కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే ఉత్తరం పోదు, పొరపాటు సందేశం వస్తుంది. రాసినది మాత్రం తెర మీదే ఉంటుంది. అది పెద్ద చిక్కు కాదు. నెట్ ఉండీ లేనట్టు ఊగిసలాడుతున్నప్పుడే చిక్కు: సర్వర్ జవాబిచ్చే దాకా ఈమాక్స్ మొత్తం బిగుసుకుపోతుంది, పక్కన తెరిచిన లెక్కల ఫైలు కూడా కదలదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో కరెంటు, ఫోన్ సిగ్నల్ ఎలా ఉండేవో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. తుపాను లేని రోజుల్లో కూడా ఈదురుగాలి వానకు సిగ్నల్ వచ్చిపోవడం మామూలే. అలాంటి చోట ఉత్తరాన్ని వరుసలో నిలబెట్టి, సిగ్నల్ నిలకడగా ఉన్నప్పుడు అన్నింటినీ ఒక్కసారి సాగనంపడమే సరైన పద్ధతి.

దానికి ఎమ్‌బీసింక్ ఉత్తరాలు దింపే మెయిల్‌డిర్ అనే డైరెక్టరీ లోపల క్యూ అనే పెట్టెను మ్యూ ఎమ్‌కేడిర్ ఆదేశంతో చేయండి. దానిలో చుక్కతో మొదలయ్యే నోఇండెక్స్ అనే ఖాళీ ఫైలు ఉంచితే మ్యూ ఆ పెట్టెను సూచికలో చేర్చదు. ఎస్‌ఎంటీపీమెయిల్-క్యూ-డిర్‌కు ఆ పెట్టెలోని కర్ అనే డైరెక్టరీ దారి ఇవ్వండి. ఇక మ్యూ-ఫోర్-ఈ ముఖ్య తెరలో ఎం నొక్కితే నేరుగా పంపే పద్ధతి నుంచి వరుసలో నిలిపే పద్ధతికి మారుతుంది, మళ్లీ నొక్కితే వెనక్కి వస్తుంది. ఎఫ్ నొక్కితే వరుసలో ఉన్నవన్నీ బయలుదేరతాయి.

ఇందులో ఒక మోసం ఉంది. వరుసలో నిలిపినా ఈమాక్స్ దృష్టిలో పంపే పని అయిపోయినట్టే లెక్క, కాబట్టి ఉత్తరం నకలు అప్పుడే "పంపినవి" పెట్టెలో చేరిపోతుంది. ఒక శనివారం సాయంత్రం విజయనగరం వర్తకుడికి ధరలు రాసి, వరుసలో పెట్టి, పంపినవి పెట్టెలో చూసుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లాను. సోమవారం ఆయన ఫోను: "మాస్టారూ, రేట్లు ఇంకా రాలేదేటండీ?" పంపానని గట్టిగా వాదించాను కూడా. ఫోను పెట్టాక ముఖ్య తెర చూస్తే వరుసలో ఒక ఉత్తరం ఉందని అంకెతో సహా రాసి ఉంది. సిగ్గుపడి ఎఫ్ నొక్కాను. అప్పుడు పోయిన ఉత్తరం మీద కూడా శనివారం తేదీయే ఉంది, ఎందుకంటే తేదీ పడేది కంట్రోల్-సి రెండుసార్లు నొక్కిన వేళకే. అవతలివారి పెట్టె ఉత్తరాలను రాసిన తేదీ ప్రకారం పేర్చితే అది రెండు రోజుల ఉత్తరాల కిందికి పోయి దాక్కుంటుంది. ఆలస్యమైన ఉత్తరం పంపాక ఒక మాట ఫోనులో చెప్పడం అందుకే అవసరం.

ఎఫ్‌ను గడియారానికి కట్టి, కొన్ని నిమిషాలకోసారి దానంతట అదే నడిచేలా చేసేవారున్నారు. నాకది నచ్చదు, సిగ్నల్ ఊగిసలాడుతున్న వేళకే అది నడిచి ఈమాక్స్‌ను బిగించేస్తుంది.

జీమెయిల్ వాడేవారికి ఇంకొక అమరిక: సర్వరే నకలు దాచుకుంటుంది కనుక మ్యూ-ఫోర్-ఈ-సెంట్-మెసేజెస్-బిహేవియర్‌కు డిలీట్ విలువ ఇవ్వండి, లేకపోతే ప్రతిదీ రెండేసి కనిపిస్తుంది. దీనివల్ల పైన చెప్పిన మోసం కూడా తగ్గుతుంది, ఎందుకంటే నకలు ఉత్తరం నిజంగా వెళ్లాకే వస్తుంది.

అభ్యాసంగా నెట్ తీసేసి, వరుస పద్ధతికి మారి, మీ చిరునామాకే తెలుగు విషయంతో ఒక ఉత్తరం రాయండి. క్యూ లోపలి కర్ డైరెక్టరీని, ఈమాక్స్‌లో ఫైళ్ల జాబితా చూపే డైర్‌ఎడ్‌లో తెరిచి ఆ ఫైలు కూర్చుని ఉందని కళ్లారా చూడండి. ఒక గంట ఆగి నెట్ పెట్టి ఎఫ్ నొక్కండి. వచ్చిన ఉత్తరాన్ని ముడి రూపంలో తెరిచి, తేదీ వరుసలోని వేళనూ, సర్వర్లు వేసిన రిసీవ్డ్ వరుసల్లోని వేళనూ పక్కపక్కన పెట్టి చూడండి; ఆ గంట తేడా అక్కడ కనిపించాలి.

నాలుగో పాఠంలో ఆఫీసు ఖాతా, ఇంటి ఖాతా ఒకే మ్యూ-ఫోర్-ఈలో కలవకుండా ఉంచుకునే పద్ధతి చూద్దాం.